ఉమ్మేయడానికి వైన్ కొన్నా!

మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డు ఉంటుంది చూడండి, ఆ షాపులో వైన్ తప్ప అన్నీ అమ్ముడుపోతాయి. బీరు, బ్రాందీ, విస్కీ... ఎవరైనా నిజంగానే వైన్ అడిగితే షాపతను ఎగాదిగా చూసి, పై అరలోంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి తీసిస్తాడు. అందుకే ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా నాకు వైన్ అంటే ఒక బోర్డు, అంతే.

ఉద్యోగం కోసం ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కి వచ్చాక సీన్ మారిపోయింది. ఊరు దాటి గంటలోపు ఎటు వెళ్లినా ద్రాక్షతోటలే. టీమ్ డిన్నర్‌కి వెళ్తే అందరూ గ్లాసు తిప్పి, వాసన చూసి, "బ్లాక్‌కరెంట్... కొంచెం లెదర్..." అంటారు. నేనూ తెలిసినట్టు తల ఊపేవాణ్ని. బ్లాక్‌కరెంట్ అనే పండుని జన్మలో చూడలేదు. లెదర్ అంటే నాకు తెలిసింది బెల్టు, చెప్పులు!

ఇంకో సంగతి కూడా ఉంది. మా ఇంట్లో మందు అనే మాటే పలకరు. అమ్మమ్మది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా అంటుకున్నప్పుడు, వాళ్లూళ్లో సారా ప్యాకెట్లు నడిరోడ్డు మీద పోసి తగలబెట్టినవాళ్లలో మా అమ్మమ్మ ఒకరు. అలాంటి ఇంట్లో పుట్టి నేను వైన్‌కి మార్కులు వేస్తున్నానంటే... సరే, ఆ గొడవ చివర్లో చెప్తాను.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తెలియనిది తెలిసినట్టు తల ఊపడం నా వల్ల కాలేదు. ఒకే వైనరీ, ఆరు వైన్లు, రెండు రౌండ్లు అని ప్లాన్ వేసుకున్నా. మొదటి రౌండు లేబుల్ చూస్తూ. రెండోది కళ్లకి గంతలు కట్టినట్టు, ఏ గ్లాసులో ఏముందో తెలియకుండా. రెండు రౌండ్లలో మార్కులు ఒకేలా వస్తే నా నాలుకని నమ్మొచ్చు. రాకపోతే? అదే చూద్దామనుకున్నా.

తాగనివాడు పెట్టిన వైనరీ

ఎంచుకున్నది డారెన్‌బర్గ్. అడిలైడ్‌కి దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో మెక్‌లారెన్ వేల్‌లో ఉంది. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం. ఎండాకాలం పొడిగా, వెచ్చగా ఉంటుంది, షిరాజ్, గ్రెనాష్ ద్రాక్షలకి అది బాగా పడుతుంది.

దీని కథ వింటే మీకూ నచ్చుతుంది. 1912లో జోసెఫ్ ఆస్బోర్న్ అనే ఆయన తన పందెం గుర్రాల్ని అమ్మేసి ఈ తోట కొన్నాడు. విచిత్రం ఏంటంటే ఆయనకి మందు ముట్టే అలవాటే లేదు! మనవడు డారీ 1959లో, తన తల్లి ఇంటిపేరు డారెన్‌బర్గ్‌ని లేబుల్ మీదకి తెచ్చాడు. అడ్డంగా వాలుగా ఉండే ఎర్ర గీత కూడా అప్పటిదే, ఆయన చదువుకున్న స్కూలు టై నుంచి తీసుకున్నది. 1968 నాటి వీళ్ల కేబర్నే సావిన్యోకి మరుసటి ఏడాది జిమ్మీ వాట్సన్ ట్రోఫీ వచ్చింది. ఆస్ట్రేలియా వైన్ లోకంలో అది చాలా పెద్ద గౌరవం. 1984 నుంచి డారీ కొడుకు చెస్టర్ వైన్ తయారీ చూసుకుంటున్నాడు. వైన్లకి వింత వింత పేర్లు పెట్టే పిచ్చి ఆయనదే.

తోట మధ్యలో ఐదంతస్తుల గాజు భవనం ఉంది, పేరు క్యూబ్. 2017 చివర్లో తెరిచారు. సగం తిప్పి వదిలేసిన రూబిక్స్ క్యూబ్‌లా ఉంటుంది. మేం ముగ్గురం వెళ్లాం. నేను, గుంటూరు నుంచి వచ్చిన మా ఆఫీసు సీనియర్ అన్న, వదిన. జోసెఫ్ గారిలాగే వదిన కూడా చుక్క ముట్టదు. "డ్రైవింగ్ నాది, వాసన చూడ్డం వరకైతే ఓకే" అంది. ఇక్కడ ఫుల్ లైసెన్సు ఉన్నవాళ్లకి కూడా రక్తంలో ఆల్కహాల్ 0.05 కంటే తక్కువే ఉండాలి. కాబట్టి తాగని డ్రైవర్ ఉండటం మంచిది.

కింద అంతస్తులో ఓ గది ఉంది. గాజు పాత్రల్లో రకరకాల పళ్లు, పూలు, మసాలాల వాసనలు పెట్టి, పాత్రలకి సైకిల్ హారన్లు బిగించారు. రబ్బరు బుడ్డి నొక్కితే వాసన ముక్కుకి కొడుతుంది. అక్కడ తిరుగుతుంటే నాకు విషయం అర్థమైంది. 'బ్లాక్‌కరెంట్' అన్నవాళ్లేమీ గొప్పవాళ్లు కాదు, వాళ్ల చిన్నప్పటి పండు పేరు వాళ్లు చెప్తున్నారు. నా చిన్నప్పటి పండు పేరు నేను చెప్పొచ్చు కదా?

ఉగాది పచ్చడే సిలబస్

ఆస్ట్రేలియా వైన్ పోటీల్లో పాత పద్ధతి 20 మార్కులు. రంగుకి 3, వాసనకి 7, రుచికి 10. 15.5 వస్తే కాంస్యం, 17కి వెండి, 18.5కి బంగారం. నేను ఆ 20 ఉంచుకుని, నోట్స్‌లో మాత్రం మన మాటలతో ఆరు గడులు గీసుకున్నా: తీపి, పులుపు, వగరు, మంట, వాసన, మింగాక ఎంతసేపు నిలిచింది.

ఇందులో మనకి కలిసొచ్చే మాట 'వగరు'. రెడ్ వైన్ తాగితే నోరంతా బిగుసుకుపోయి, నాలుక గరుకుగా తగులుతుందే, దానికి కారణం ద్రాక్ష తొక్కలు, గింజల్లోంచి, కొంత ఓక్ పీపాల్లోంచి వచ్చే టానిన్లు. దీన్ని వివరించడానికి మా టీమ్‌లీడ్ ఐదు నిమిషాలు తంటాలు పడ్డాడు. మనకి ఐదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు! పచ్చి జామకాయ కొరికితే వచ్చేది అదే. ఏటా ఉగాది పచ్చడిలో ఆ రుచిని ప్రత్యేకంగా లెక్కపెట్టి మరీ తినే జనం మనం.

ఇక ఉమ్మేయడం. టేస్టింగ్‌లో మీరు ప్రతి గుక్కా మింగక్కర్లేదు. కొంచెం నోట్లో పోసుకుని, పుక్కిలించినట్టు అంతా తిప్పి, పక్కనే ఉన్న బకెట్టులో ఉమ్మేయొచ్చు. ఎవరూ తప్పుగా అనుకోరు, అనుభవం ఉన్నవాళ్లు చేసేది అదే. మొదటిసారి షర్టు మీద పడింది. రెడ్ వైన్ మరక పోదు, ముదురు రంగు బట్టలు వేసుకెళ్లండి!

రౌండ్ 1: లేబుల్ చూస్తూ

హెర్మిట్ క్రాబ్, వియోనియే-మార్సాన్ — 16.5. ఆరింటిలో ఇదొక్కటే వైట్. సన్యాసి పీత పేరు ఎందుకంటే, ఈ ప్రాంతంలో నేల కింద చాలాచోట్ల సున్నపురాయి ఉంది, ఒకప్పటి సముద్ర జీవుల గుల్లలతో ఏర్పడింది. వాసన బాగా పండిన ఆప్రికాట్‌లా ఉంది. వదిన ముక్కు దగ్గర పెట్టుకుని "సంపెంగ" అంది. పులుపు తక్కువ, నోట్లో కొంచెం నూనెలా జారుతుంది.

స్టంప్ జంప్ రెడ్ — 15. గ్రెనాష్, షిరాజ్, మూర్‌వెడ్ర కలిపింది. ధర తక్కువ. ఇక్కడి రైతులు మాలీ అనే పొదల్ని నరికి పొలాలు చేసుకునేటప్పుడు, మొదళ్లకి నాగలి తగిలి విరిగిపోయేది. 1876లో సౌత్ ఆస్ట్రేలియాలోనే ఒకాయన మొదలు తగిలితే ఎగిరి దాటే నాగలి కనిపెట్టాడు. ఆ నాగలి పేరే వైన్‌కి. తేలిగ్గా, పళ్లరసంలా ఉంది.

కస్టోడియన్ గ్రెనాష్ — 16. పేరుకి అర్థం కాపలాదారు. గ్రెనాష్‌ని జనం మర్చిపోయిన రోజుల్లో కూడా వీళ్లు తోటలు పీకేయలేదు. ద్రాక్ష వేర్లని తినేసే ఫిలాక్సెరా పురుగు సౌత్ ఆస్ట్రేలియాలోకి రాలేదు కాబట్టి ముసలి తీగలు ఇంకా బతికున్నాయి. అందుకే ఈ ఊళ్లో తోటల్లోకి బూట్లతో నడవొద్దని బోర్డులు పెడతారు. రంగు పల్చన. అదే చూసి మార్కు తగ్గించా. గుర్తుపెట్టుకోండి.

ఫుట్‌బోల్ట్ షిరాజ్ — 16.5. జోసెఫ్ గారి పందెం గుర్రం పేరు ఫుట్‌బోల్ట్. నాకు నేరేడుపండు తిన్నాక నాలుక ఊదారంగులోకి మారినప్పటి రుచి. వదిన వాసన చూసి, "ఎక్కడో మిరియాలు దంచినట్టుంది" అంది. అన్న గ్లాసులో ముక్కు ముంచినంత పని చేశాడు, ఏమీ రాలేదట. ఇందులో సైన్సు ఉంది. షిరాజ్‌లో మిరియాల వాసనకి కారణం రోటండోన్ అనే పదార్థం, మిరియాల్లో ఉండేది కూడా అదే. 2008లో దీన్ని బయటపెట్టింది అడిలైడ్‌లోని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే. దాదాపు ఐదుగురిలో ఒకరి ముక్కుకి ఇది అసలు అందదు. మా అన్న ఆ ఐదో మనిషి! పాపం, ఇన్నాళ్లూ వదిన మిరియాల చారులో అసలు ఘాటు ఆయనకి అందిందో లేదో!

లాఫింగ్ మాగ్‌పై, షిరాజ్-వియోనియే — 17.5. చెస్టర్ కూతుళ్లు చిన్నప్పుడు కూకబురా పిట్టని 'నవ్వే మాగ్‌పై' అనేవారట. ఎర్ర ద్రాక్షలో కొంచెం తెల్ల ద్రాక్ష వియోనియేని కలిపి పులియబెట్టడం ఫ్రాన్స్‌లోని కోట్ రోటీ పద్ధతి. ఫుట్‌బోల్ట్‌కి ఎవరో పూలు పెట్టినట్టుంది.

డెడ్ ఆర్మ్ షిరాజ్ — 19. ఇది వీళ్ల హీరో. యూటైపా లాటా అనే బూజు, కొమ్మలు కత్తిరించిన గాయాల్లోంచి ముసలి తీగల్లోకి పాకి, మెల్లగా ఒక చెయ్యి ఎండిపోయేలా చేస్తుంది. మిగిలిన చేతికి కాసేవి కొన్ని గుత్తులే, కానీ ఆ కాసిన వాటిలో రుచి చిక్కబడుతుంది. ధర ఈ మిగతా ఐదింటిలో దేనికైనా రెండు రెట్ల పైనే. కథ విన్నా, ధర చూశా, ఒక గుక్క నోట్లో పోసుకున్నా. చిక్కగా, నల్లగా, వగరుగా ఉంది. "అబ్బో!" అని 19 వేసేశా.

రౌండ్ 2: కవర్లలో సీసాలు

తర్వాతి శనివారం అన్నా వాళ్లింట్లో. ఇప్పుడు రెడ్‌లు మాత్రమే, ఎందుకంటే వైట్‌ని చూడగానే గుర్తుపడతాం. వదిన ఐదు సీసాలకీ బ్రౌన్ కవర్లు తొడిగి, వంటింట్లోనే పోసి, నంబర్లు రాసిన గ్లాసులు తెచ్చి పెట్టింది. బల్ల మీద చూస్తే ఆరు గ్లాసులు!

"ఐదే కదా వదినా?"

"ఒకటి రెండుసార్లు పోశా. ఏదో నువ్వే కనిపెట్టు. ఊరికే మార్కులేస్తే సరిపోద్దా?"

టెస్టర్ని నేనా, ఆవిడా? మాట్లాడకుండా కూర్చున్నా. పుక్కిలించడం, ఉమ్మడం, నీళ్లు తాగడం, రాయడం. ముప్పావుగంట పట్టింది. కవర్లు తీశాక లెక్క ఇలా వచ్చింది.

ఒకటో గ్లాసు 17.5, ఫుట్‌బోల్ట్.
రెండోది 18, కస్టోడియన్ గ్రెనాష్.
మూడోది 16, స్టంప్ జంప్.
నాలుగోది 17, లాఫింగ్ మాగ్‌పై.
ఐదోది 16.5, డెడ్ ఆర్మ్.
ఆరోది 15.5... మళ్లీ ఫుట్‌బోల్ట్!

ఒకే సీసా, ఒకే నాలుక, ముప్పావుగంట తేడా. ఒకసారి వెండి పతకం, ఇంకోసారి అతి కష్టం మీద కాంస్యం. ఆఫీసులో ఏ ప్రోగ్రామ్ అయినా ఒకే ఇన్‌పుట్‌కి రెండు ఔట్‌పుట్‌లు ఇస్తే నేను బగ్ రాస్తాను. ఇక్కడ బగ్ నేనే!

పైగా క్యూబ్‌లో 19 వేసిన డెడ్ ఆర్మ్‌కి ఇప్పుడు 16.5. రంగు పల్చనని చిన్నచూపు చూసిన గ్రెనాష్ ఫస్ట్. అంటే ఆ రోజు నేను మార్కులు వేసింది కథకీ, ధరకీనా?

అన్న పగలబడి నవ్వాడు. "తమ్ముడూ, నీ రేటింగ్ స్విగ్గీ రేటింగ్ లాంటిదిరా" అన్నాడు.

నాకు కొంచెం ఊరట ఏంటంటే, నేనొక్కణ్నే కాదు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే రిటైర్డ్ ప్రొఫెసర్, తనూ వైన్ తయారుచేసే మనిషి, కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో జడ్జిల మీద ఇదే టెస్టు చేశాడు. వాళ్లకి తెలియకుండా ఒకే సీసాలోంచి మూడు గ్లాసులు మిగతావాటి మధ్య కలిపి పంపాడు. ఆ మూడింటికీ ఒకే పతకం పరిధిలో మార్కులు వేసినవాళ్లు పది మందిలో ఒకరే. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లు అనుభవం ఉన్న జడ్జిలు, నేను మొన్న షర్టు మీద ఉమ్ముకున్నవాణ్ని.

బగ్ ఎక్కడుంది?

రాత్రి కూర్చుని ఆలోచిస్తే కారణాలు దొరికాయి. మొదటిది వరస. ఐదో గ్లాసులో డెడ్ ఆర్మ్ వగరు నోరంతా పట్టేశాక, ఆరో గ్లాసు నీళ్లలా అనిపించింది. బాగా తియ్యటి లడ్డూ తిన్నాక టీ చప్పగా ఉన్నట్టు.

రెండోది టైము. డెడ్ ఆర్మ్ ఏళ్ల తరబడి దాచుకునే రకం. అప్పుడే తెరిచి, వెంటనే పోసి, ఓ నిమిషంలో తీర్పు చెప్పేశా. మిగిలిన సగం సీసా మర్నాడు సాయంత్రం మళ్లీ పోసుకుని చూస్తే, ఆ బిగుసుకుపోయే వగరు మెత్తబడి, వెనకాల దాక్కున్న నేరేడు, కాఫీ గింజల వాసన ముందుకొచ్చింది. గాలి తగిలితే ఇలాంటి వైన్ విచ్చుకుంటుంది. అప్పుడు 18.5 వేశా. ఈసారి లేబుల్ చూసే వేశాననుకోండి, ఆ మాట కూడా పక్కన రాసుకున్నా.

మూడోది తిండి. వదిన ఆ రాత్రి గోంగూర మటన్ చేసింది. ఒక్కో ముద్ద తిని ఒక్కో గుక్క. ఇక్కడ ఫలితాలు మొత్తం తారుమారు! కారం తగిలిన నోట్లో ఆల్కహాల్ మంటా, వగరూ రెండూ ఎక్కువవుతాయి, కాబట్టి డెడ్ ఆర్మ్ నోటిని మండించేసింది. గోంగూర పులుపు ముందు వైన్ పులుపు తగ్గిపోయి, వగరు తక్కువున్న గ్రెనాష్ మాత్రం హాయిగా దిగింది. చల్లటి హెర్మిట్ క్రాబ్ అయితే ఇంకా నయం. మన కూరల పక్కన ఖరీదైన, చిక్కటి రెడ్ పెట్టడం డబ్బు దండగ.

నా ఫైనల్ లిస్టు

కస్టోడియన్ గ్రెనాష్, 18. లేబుల్ లేకుండా గెలిచింది ఇదొక్కటే. మన తిండికి దోస్తు. రంగు చూసి మోసపోకండి.

హెర్మిట్ క్రాబ్, 17. చల్లగా ఉంటేనే. చేపల వేపుడుతో బాగుంటుంది.

లాఫింగ్ మాగ్‌పై, 17. రెండు రౌండ్లలోనూ నిలకడగా నిలబడింది.

ఫుట్‌బోల్ట్, 16.5. 17.5, 15.5 సగటు. క్యూబ్‌లో వేసింది కూడా ఇంతే కావడం యాదృచ్ఛికం అనుకుంటా!

స్టంప్ జంప్, 15.5. ఫ్రెండ్స్ వచ్చినప్పుడు ఆలోచించకుండా తెరవొచ్చు.

డెడ్ ఆర్మ్, ఆ రాత్రి 16.5, మర్నాడు 18.5. ఓపికుంటేనే కొనండి. కారం పక్కన వద్దు.

ఈ మార్కులు వచ్చే శనివారం నేనే మార్చేయొచ్చు. ఎవరైనా ఏ వైన్‌కి ఎన్ని పాయింట్లు అని గట్టిగా చెప్తే, ఏ గ్లాసు తర్వాత తాగాడో, ఏం తింటూ తాగాడో, సీసా చూశాడో లేదో అడగండి.

చివరి గడి

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. దాచడం ఇష్టంలేక చెప్పేశా. ఓ నిమిషం మాటల్లేవు.

"ఎంత తాగావు?"

"ఎక్కువ ఉమ్మేశానమ్మా."

"ఉమ్మేసేదానికి డబ్బులు పెట్టి కొనడం ఎందుకురా?"

నా దగ్గర జవాబు లేదు. వెనక నుంచి అమ్మమ్మ ఫోన్ లాక్కుంది. వగరు, నేరేడు అని నేను ఏదో వివరిస్తుంటే, "వగరు కోసమైతే నేరేడుపండ్లు తినొచ్చు గదరా, దానికి అంత దూరం పోవాలా?" అంది. నవ్వాను. తనూ నవ్వింది. తర్వాత మెల్లగా అంది: "మీ తాత కూడా మొదట్లో రుచి చూస్తాననే అన్నాడు నాయనా."

తాతని నేను చూడలేదు. ఆ సారా ప్యాకెట్ల మంట ఎవరి కోసం వేసిందో అప్పుడు అర్థమైంది.

ఫోన్ పెట్టేశాక లెక్క వేసుకున్నా. 14.5 శాతం ఆల్కహాల్ ఉన్న ఒక్క 750 మిల్లీలీటర్ల సీసా అంటే, ఇక్కడి కొలతలో దాదాపు 8.5 స్టాండర్డ్ డ్రింకులు. ఆస్ట్రేలియా వైద్య మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా వారానికి 10, ఒక్క రోజులో 4 దాటకూడదు. శనివారం గ్లాసుల దగ్గర ఎంత ఉమ్మానో గుర్తుంది. మటన్ దగ్గర ఎంత మింగానో గుర్తులేదు. తీపి, పులుపు, వగరు అన్నీ రాసుకున్నవాణ్ని, అదొక్కటి రాసుకోలేదు.

ఇప్పుడు నా షీట్‌లో ఏడో గడి ఉంది. పేరు 'మింగింది ఎంత'. మిగతా ఆరు గడుల్లో నా నాలుక ఎలా అయినా మోసం చేస్తుందని తేలిపోయింది. ఈ ఒక్కటి మాత్రం వదిన దగ్గర కొలగ్లాసు అడిగి తెచ్చుకుని మరీ నింపుతున్నా.